స్కేలు ఉండగా చదవడమెందుకు?

పిల్లల వ్యాసాలను చదవకూడదు. కొలవాలి!

కంగారు పడకండి. ఇరవై రెండేళ్లుగా హైస్కూలు వ్యాసాలు దిద్దుతున్నవాణ్ణి, ఊరికే అనడం లేదు. నా దగ్గర ఒక స్టీలు స్కేలుంది. పేజీ నిండితే రెండు మార్కులు. ఉపశీర్షిక కింద గీత ఉంటే ఒకటి, గీత వంకరపోతే అర. ఉపోద్ఘాతం ఉందా? ముగింపు ఉందా? మధ్యలో ఎవరో మహానుభావుడు ఏదో సెలవిచ్చాడా? అయితే ఇంకో రెండు. ఆయన నిజంగా ఆ మాట అన్నాడో లేదో కనుక్కునే తీరిక నాకెక్కడిది?

ఈ లెక్కన వ్యాసానికి నలభై సెకన్లు. టీ చల్లారేలోగా సెక్షన్ మొత్తం అయిపోతుంది. "మావాడికి మార్కులెందుకు తగ్గాయండీ?" అని ఏ తండ్రయినా నిలదీస్తే స్కేలు చూపిస్తాను. దండం పెట్టి వెళ్లిపోతాడు. భావం, శైలి, మనసు అంటూ కూర్చుంటే ఈ సుఖం ఉంటుందా? మనసు ఎన్ని సెంటీమీటర్లో ఎవరు చెప్పాలి?

పిల్లలకు మాత్రం తక్కువ మేలా! గైడులోని ఒక్క వ్యాసం బట్టీ పడితే చాలు, పదో తరగతి దాకా ఢోకా లేదు. "మానవ జీవితంలో చెట్లకు విశిష్ట స్థానం కలదు." "మానవ జీవితంలో కంప్యూటరుకు విశిష్ట స్థానం కలదు." పోయినేడు ఒక ప్రబుద్ధుడు "మానవ జీవితంలో దోమలకు విశిష్ట స్థానం కలదు" అని మొదలుపెట్టి, "కావున మనమందరం దోమలను కాపాడుకుందాం" అని పిలుపునిచ్చి ముగించాడు. గీతలన్నీ తిన్నగా ఉన్నాయి. ఎనిమిదిన్నర వేశాను.

అంతా సవ్యంగా సాగిపోతుండగా, ఒకరోజు లెక్కల మాస్టారు నా స్కేలు పట్టుకుపోయారు. ఎదురుగా తొమ్మిదో తరగతి పేపర్ల కట్ట. ఏం చేయను? గతిలేక చదివాను.

అంశం శ్రమ విలువ. ఒక అమ్మాయి ముప్పావు పేజీ రాసింది. "మా అమ్మ ఆసుపత్రిలో గచ్చు తుడుస్తుంది. తుడిచిన చోట ఎవరైనా తొక్కుకుంటూ పోతే ఏమీ అనదు. వాళ్లు వెళ్లేదాకా ఆగి మళ్లీ తుడుస్తుంది. ఇంట్లో తడి గచ్చు మీద నేను అడుగు పెడితే మాత్రం ఒకటే తిట్లు. అవన్నీ నావి కావని నాకు తెలుసు. అందుకే ఎదురు చెప్పను."

అంతే. అక్కడితో ఆపేసింది. ఆ కాగితం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో, టీ చల్లారిపోయింది. ఇంతలో లెక్కల మాస్టారు వచ్చి, "ఇదిగోండి మీ స్కేలు" అన్నారు. బతికిపోయాను! ఉపశీర్షికల్లేవు, సూక్తి లేదు, ముగింపు లేదు. మూడు వేసి, ఎర్ర ఇంకుతో "ఇంకా కృషి చేయాలి" అని రాశాను.

అమ్మాయి కృషి చేసింది. తర్వాతి పరీక్షలోనూ అదే అంశం ఇచ్చాను. ఎందుకిచ్చానో అడగకండి. ఈసారి మూడు పేజీలు, ఆరు ఉపశీర్షికలు, రెండు సూక్తులు! "మానవ జీవితంలో శ్రమకు విశిష్ట స్థానం కలదు." పదికి తొమ్మిది. క్లాస్ ఫస్ట్!

స్కేలు చేతిలో ఉండి కూడా చదివాను, నా సర్వీసులో అదే మొదటిసారి. చదవడం కాదు, వెతికాను. దొరక్క ఆ అమ్మాయినే పిలిచి, "మీ అమ్మ ఏదమ్మా ఇందులో?" అని అడిగాను.

"తీసేశాను సార్," అంది బుద్ధిగా. "పోయినసారి అమ్మకి మూడే వచ్చాయి కదా."

లెక్కల మాస్టారూ, మీకు పుణ్యముంటుంది. ఆ స్కేలు ఇంకోసారి పట్టుకుపోండి. ఈసారి తిరిగి ఇవ్వకండి.