ముగింపు తేదీ లేని కదిరప్ప

శుక్రవారం పొద్దున ఉగ్గాని తిని, ఫ్యాను కింద కాళ్లు చాపాలని తౌఫిక్ ఆలోచన. శింగనమల పక్కనున్న ఆ ఊళ్లో, ట్యాంకరు వచ్చే కబురు ఇంటింటికీ ఫోనులో వినిపించే కంప్యూటరు ఏర్పాటు అతనిదే. వారం వారం ఒక కొత్త వరుస రాసుకునే రకం కాదు. డేటాబేసులో ఒకటే వరుస: 'ప్రతి శుక్రవారం, పొద్దున ఎనిమిదికి, డ్రైవరు గొంతుతో.' ముగింపు తేదీ గడి ఖాళీ. ప్రళయమొచ్చినా మోగుతుందని మురిపెం.

మోగింది. "అమ్మా, కదిరప్పను మాట్లాడతాండా. నీళ్లు తెస్తాండా. బిందెలు బయట పెట్టండి."

డ్రైవరు కదిరప్ప ఆ సోమవారమే పోయాడు. మట్టి వేసినవాళ్లలో తౌఫికూ ఉన్నాడు. గొంతు రికార్డు చేసింది తనే, మోగేలా రాసిందీ తనే. అయినా ఉగ్గాని నోట్లోకి పోలేదు.

వీధిలో తలుపులన్నీ ధడాలున మూసుకున్నాయి. ఎండకు తెల్లబారిన దారిలో, కదిరప్ప నడిపిన ట్యాంకరే దుమ్ము లేపుకుంటూ వచ్చింది. కొత్త డ్రైవరు ఓబుళేసు హారన్ కొట్టీ కొట్టీ, నిండు ట్యాంకరుతో వెనక్కి పోయాడు.

"రేపు మళ్లా పంపిస్తారంట," అన్నాడు సర్పంచి హనుమంతరాయుడు. తౌఫిక్ ఆ ఒక్క కబురును శనివారానికి జరిపాడు. కబురుతోపాటు గొంతూ జరుగుతుందని తోచలేదు.

"శుక్రవారమే అనుకుంటిమి, శనివారమూ తిరుగుతాండాడే!" అంటూ జనం గుమ్మాలకు వేపమండలు కట్టారు. ట్యాంకరు మళ్లీ నిండుగానే పోయింది.

"ఏమప్పా తౌఫిక్, ఇంగొక్కసారి ఇట్లయితే ట్యాంకరును పక్కూరికి రాసేస్తారంట. బోర్లన్నీ ఎండినాయి. ఏం తాగల్ల మేము, నీ కంప్యూటరునా?" అన్నాడు సర్పంచి.

"సరిచేస్తానన్నా."

ముగింపు తేదీ గడిలో కదిరప్ప పోయిన సోమవారం వేశాడు. వేస్తుంటే, మరోసారి పాతిపెట్టినట్టనిపించింది. కింద ఓబుళేసు గొంతుతో కొత్త వరుస.

మరుసటి శుక్రవారం ఫోన్లు మోగాయి. "ఓబుళేసును మాట్లాడతాండా..."

వీధంతా గొల్లుమంది. "అయ్యో, ఓబుళేసును కూడా తీసకపాయనే!" ఫోనులో పలికేది పీనుగే అని జనం ఎప్పుడో ఖాయం చేసుకున్నారు మరి.

అంతలో ట్యాంకరు దిగాడు ఓబుళేసు. "బతికే ఉండానమ్మా!"

"అన్ని దయ్యాలూ అదే మాట చెప్తాయి," అంది ఒక కిటికీ.

తౌఫిక్ తల పట్టుకున్నాడు. అప్పుడొచ్చింది భద్రమ్మ, కదిరప్ప పెళ్లాం, చంకలో బిందెతో. ఆ ఇంట్లో ఇప్పుడామె ఒక్కతే. "తౌఫిక్, ఆయప్ప గొంతే పెట్టు."

"జనం భయపడతాండారక్కా!"

"పడనీ." వీధికి తిరిగి గొంతెత్తింది. "ఇనండే! బిందె పెట్టనోళ్లింటికి నా మొగుడే వచ్చి అడుగుతాడు. వచ్చినాడంటే కాఫీ తాగంది లేసే మనిషి కాదు!"

తౌఫిక్ ఓబుళేసు వరుస తీసేసి, కదిరప్ప ముగింపు తేదీ చెరిపి, కబురు పంపాడు. పాత గొంతు ఇల్లిల్లూ పలికింది. తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. పైపు దగ్గర జుట్లు పట్టుకునే ఆడవాళ్లు "నువ్వు ముందు పట్టుకో వదినా" అంటుంటే, ఓబుళేసు నోరు వెళ్లబెట్టాడు. చుక్క మిగల్లేదు.

ఎవరెవరు ఫోనెత్తారో తౌఫిక్ కంప్యూటరులో చూసుకున్నాడు. భద్రమ్మ ఇంట్లో మేకుకు వేలాడే కదిరప్ప ఫోనునూ ఎవరో ఎత్తినట్టుంది. భద్రమ్మ అప్పటినుంచీ ట్యాంకరు దగ్గరే ఉంది.

తౌఫిక్ ఆ గడిని మళ్లీ ముట్టుకోలేదు. ఇప్పటికీ ప్రతి శుక్రవారం ఎనిమిదికల్లా కదిరప్ప పలుకుతాడు. బతికినన్నాళ్లూ మాత్రం ఒక్కనాడైనా వేళకు వచ్చిన పాపాన పోలేదు.