గోలుపోస్టులో శ్రీరంగప్ప గారు

ఆదివారం ఉదయం పదకొండున్నరకు, బుక్కరాయసముద్రం మైదానంలో, ఫుట్‌బాల్ ఆటగాళ్లకు క్రమశిక్షణ వచ్చినట్టు శాసనసభ్యులు శ్రీరంగప్ప గారు ప్రకటించారు. సభ తొమ్మిదికని చెప్పారు. ఆటగాళ్లు ఎనిమిదిన్నరకే వచ్చి ఎండలో వరుసగా నిలబడి ఉన్నారు.

శ్రీరంగప్ప గారు అనంత యునైటెడ్ క్లబ్బుకు అధ్యక్షులు కూడా. క్లబ్బు ఆ సీజనంతా ఓడిపోతూ వచ్చింది. నెల రోజుల తర్వాత ఆఖరి మ్యాచ్. అది ఓడితే లీగ్ నుంచి బయటికి పోతుంది, క్లబ్బు మూసేస్తారు. సమానంగా ముగిసినా చాలు, నిలబడుతుంది.

"మనోళ్లు ఓడేది ఆట రాక కాదు," అన్నారు శ్రీరంగప్ప గారు మైకులో. "జీతం తీసుకునే ఆటగాడు ఏం తింటాండాడు, ఎప్పుడు పండుకుంటాండాడు, ఒళ్లొంచి పరిగెత్తుతాండాడా లేదా, అడిగేవాడు లేడు. ఈ పొద్దు నుంచి అడిగేవాడు వచ్చినాడు."

అడిగేవాడు గురప్ప. పార్టీ పట్టణ ఉపాధ్యక్షులు. అంతకుముందు కరువు సహాయ కమిటీకి చైర్మన్‌గా చేశారు. ఆయన పదవిలో ఉన్నంతకాలం కరువు జిల్లా దాటి పోలేదు. ఇప్పుడు ఆటగాళ్ల క్రమశిక్షణ కమిటీకి చైర్మన్. ఆయన లేచి నాలుగు దిక్కులకూ దండం పెట్టారు.

వరుసలో చివర నిలబడ్డవాడు కేశవ. సెంటర్ ఫార్వర్డ్. అంటే గోల్స్ కొట్టాల్సినవాడు. సొంతూరు గోరంట్ల దగ్గర. ఫుట్‌బాల్‌కు రాకముందు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లకు జేబులు కుట్టేవాడు. క్లబ్బు పోతే మళ్లీ జేబులే. ఉపన్యాసం సాగినంతసేపూ అతను ఆలోచించింది జేబుల గురించే.

మర్నాటి నుంచి ట్రెయినింగ్ తెల్లవారి ఐదింటికి. చైర్మన్ వచ్చి విజిల్ ఊదాకే మొదలుపెట్టాలి. చైర్మన్ టిఫిన్ చేసి వస్తారు.

"అన్నా, నువ్వు వచ్చేసరికి ఎండెక్కుతాంది. మేం ముందే పరిగెత్తుకుంటాం," అన్నాడు కేశవ.

"నేను చూడకుండా పరిగెత్తితే, పరిగెత్తినారని నాకెట్ల తెల్సేదప్పా?"

కేశవ కోచ్ వైపు చూశాడు. కోచ్ తిప్పయ్య, బళ్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైనవాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన నేర్చుకున్నది నేల చూడటం. నేల చూశాడు.

కాబట్టి ఆటగాళ్లు ఐదు నుంచి ఎనిమిది దాకా నిలబడేవారు. ఎనిమిదికి విజిల్. విజిల్ తర్వాత ఫోటో. ఫోటో తర్వాత ఎండ.

తిండి మీదా నిఘా పెట్టారు. బిర్యానీ నిషేధం. దేవేంద్ర అనే ఆటగాడి సంచిలో ఒక పొట్లం దొరికింది. గురప్ప దాన్ని పెవిలియన్ మెట్ల మీద పెట్టించి విప్పారు.

"ఇది బిర్యానీనేనా, కుష్కానా?"

"కుష్కా అన్నా. ముక్కల్లేవు."

"నువ్వు చెప్తే నమ్మేదెట్ల?" అని ఆయన విచారణ మొదలుపెట్టారు. విచారణ పూర్తయ్యేసరికి ఆకు మిగిలింది. "కుష్కానే. పో, తిను," అన్నారు.

రాత్రి ఎనిమిదికల్లా పడుకోవాలి. పడుకున్నారో లేదో చైర్మన్ స్వయంగా హాస్టలుకు వెళ్లి, తలుపులు తట్టి కనుక్కునేవారు.

"నిద్రపోయినారా?"

"పోయినామన్నా."

"మంచిది. పోండి."

ఇలా మూడు వారాలు గడిచాయి. ఆటగాళ్లలో క్రమశిక్షణ స్పష్టంగా పెరిగిందని గురప్ప విలేకరులకు చెప్పారు. ఒక్కరూ నిలబడిన చోటు నుంచి కదలడం లేదన్నారు.

అప్పుడు వలల సంగతి వచ్చింది. గోలుపోస్టులకు కట్టిన వలలు చినిగి చాలాకాలమైంది. మేకలు అందులోంచే మైదానంలోకి వచ్చేవి. కొత్త వలలు కావాలని తిప్పయ్య అడిగాడు.

"వల ఎందుకప్పా?" అన్నారు గురప్ప. ఆయన బావమరిది పాపన్నకు ఫ్లెక్సీల షాపు ఉంది. "ఫ్లెక్సీ కడదాం. శెనక్కాయ కుప్ప మీద కప్పుతారు, గొర్రెల దొడ్డికి కప్పుతారు, యాడన్నా చినిగినట్ల విన్నావా? వాననే ఆపుతాదే, బంతిని ఆపదా?"

"వాన యాడ పడిందన్నా, ఆపేదానికి?" అన్నాడు దేవేంద్ర.

మ్యాచ్ రోజే శ్రీరంగప్ప గారి పుట్టినరోజు. ఆ విధంగా రెండు గోలుపోస్టులకూ, ఇరవై నాలుగు అడుగుల వెడల్పున, ఎనిమిది అడుగుల ఎత్తున, ఫ్లెక్సీలు వచ్చాయి. మధ్యలో తెల్లబట్టలతో, చేతులు జోడించి, నిలువెత్తు శ్రీరంగప్ప గారు. ఎడమవైపు గురప్ప. కుడివైపు పాపన్న. మూలల్లో మండల నాయకులు. ఖాళీ జాగా ఎక్కడా లేదు.

కట్టిన రోజే ప్రాక్టీసులో దేవేంద్ర బంతిని బలంగా తన్నాడు. అది వెళ్లి శ్రీరంగప్ప గారి ముక్కు మీద తగిలింది. గురప్ప విజిల్ ఊదారు.

"ఎవురప్పా సార్ మొగం మీద తన్నింది?"

"గోలన్నా అది."

"గోలు సంగతి తర్వాత. కాలితో తన్ని సార్ మొగానికి తగిలిస్తావా? రేపట్నుంచి నువ్వు టీములో లేవు."

తిప్పయ్య తల ఎత్తాడు. "మరి మ్యాచ్‌లో గోలు ఎట్ల కొట్టాల సార్?"

"మర్యాదగా కొట్టండి," అన్నారు గురప్ప. కాలితో తన్నిన బంతి ఫ్లెక్సీలోని ఏ నాయకుడికి తగిలినా, తన్నినవాడు క్లబ్బులో ఉండడని అందరి ముందూ చెప్పారు. మండల నాయకులకూ ఇది వర్తిస్తుందా అని ఒకరు అడిగారు. వర్తిస్తుందన్నారు.

ఆ సాయంత్రం కేశవ ఇంటికి ఫోన్ చేసి అమ్మ ఓబమ్మకు సంగతంతా చెప్పాడు. ఆమె విని, "పటం మందంగా ఉండాదా?" అని అడిగింది. ఉందన్నాడు. "ఆట అయిపోయినాక ఒకటి తీసుకురా నాయనా. కుప్పకు కప్పుదాం."

మ్యాచ్ శనివారం సాయంత్రం నాలుగింటికి మొదలైంది. అవతలిది కోస్తా నుంచి వచ్చిన జట్టు. వాళ్లకు శ్రీరంగప్ప గారు ఎవరో తెలియదు. పావుగంటలోనే వాళ్లలో ఒకడు ఆయన గడ్డం మీద గోలు కొట్టాడు.

గురప్ప మైదానంలోకి పరిగెత్తారు. ఆ నెలలో క్లబ్బు తరఫున ఎవరైనా పరిగెత్తడం అదే మొదలు.

"ఎర్రకార్డు ఇయ్యప్పా వానికి!" అన్నారు రిఫరీతో.

"ఎందుకండీ? గోలు కొట్టాడు."

"మొగం చూడు. మట్టి అంటుకుండాది."

రిఫరీ ఆయన్ని గీత బయటికి పంపాడు. గ్యాలరీలో కార్యకర్తలు చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక శ్రీరంగప్ప గారి వైపు చూశారు. ఆయన ఫోన్‌లో ఉన్నారు.

అనంత యునైటెడ్ ఆటగాళ్లు బంతిని గోలు దాకా చక్కగా తీసుకువెళ్లేవారు. అక్కడ ఫ్లెక్సీని చూసి వెనక్కి పాస్ చేసేవారు. కేశవకు రెండు అవకాశాలు వచ్చాయి. రెండుసార్లూ బంతి గోలు మీదుగా పోయి రోడ్డు మీద పడింది.

"ఏమప్పా కేశవా!" గ్యాలరీలోంచి ఎవరో అరిచారు. "గోలు కింద ఉండాది! ఆకాశంలో కాదు!"

ఆఖరి నిమిషంలో బంతి మళ్లీ కేశవకు దొరికింది. ముందుకొచ్చిన గోల్‌కీపర్ జారి పడ్డాడు. కేశవ అతన్ని దాటాడు. ఎదురుగా గోలు. అందులో చేతులు జోడించి శ్రీరంగప్ప గారు.

తన్నితే కేశవ క్లబ్బులో ఉండడు. తన్నకపోతే క్లబ్బే ఉండదు. రెండు దారులూ రాయదుర్గానికే పోతాయి. అతను బంతిని గోలు గీత దాకా నెమ్మదిగా తోలుకువెళ్లి ఆపాడు. వెనక కోస్తా ఆటగాళ్ల అడుగుల చప్పుడు వినిపిస్తోంది. అతను నేల మీద బోర్లా పడుకుని, రెండు చేతులూ బంతికి తగలకుండా తల ముందుకు చాచి, నుదుటితో బంతిని నెట్టాడు.

బంతి గీత దాటి, దొర్లి, శ్రీరంగప్ప గారి చెప్పుల దగ్గర ఆగింది.

రిఫరీ గోలు ఇచ్చాడు. తలతో కొట్టిన గోలు చెల్లుతుంది, పడుకుని కొట్టినా. స్కోరు ఒకటి ఒకటి. క్లబ్బు నిలబడింది.

శ్రీరంగప్ప గారు ఫోన్ పక్కవాడికిచ్చి మైకు తీసుకున్నారు. "చూసినారా! సాష్టాంగం చేసి గోలు కొట్టినాడు. ఇదీ క్రమశిక్షణంటే!" కార్యకర్తలు చప్పట్లు కొట్టారు. సోమవారం ఉదయం తొమ్మిదికి అనంతపురంలో సన్మానం అని గురప్ప ప్రకటించారు. కేశవకు శాలువా, తర్వాతి సీజన్‌కు కెప్టెన్ పదవి.

సోమవారం తొమ్మిదికి ఆటగాళ్లందరూ వేదిక ముందు వరుసగా నిలబడ్డారు. పదయింది. పదిన్నరయింది. కేశవ తిప్పయ్య దగ్గరికి వెళ్లాడు.

"సార్, శ్రీరంగప్ప సార్ వాళ్లు వచ్చేసరికి ఎంత పొద్దవుతాదో. గ్రౌండుకు పోయి కొంచెం పరిగెత్తి వస్తా. నెల నుంచి కాళ్లు కదల్లేదు."

తిప్పయ్య నేల చూశాడు. తర్వాత, చూస్తూనే, తల ఊపాడు.

శ్రీరంగప్ప గారు ఒంటిగంటకు వచ్చారు. మొదటి పేరు కేశవది. రెండుసార్లు పిలిచారు.

"యాడికి పోయినాడు?" అన్నారు గురప్ప.

"ట్రెయినింగ్‌కు పోయినాడన్నా," అన్నాడు దేవేంద్ర. అతను టీములో లేకపోయినా సన్మానానికి వచ్చాడు.

"ఎవురిని అడిగి?"

తిప్పయ్య నేల చూస్తున్నాడు. గురప్ప శ్రీరంగప్ప గారి చెవిలో ఏదో చెప్పారు. శ్రీరంగప్ప గారు తల ఊపారు. క్రమశిక్షణ ఉల్లంఘించినందుకు కేశవను క్లబ్బు నుంచి తొలగిస్తున్నట్టు గురప్ప మైకులో ప్రకటించారు. విప్పిన శాలువా మడవడం బాగుండదని దాన్ని గురప్పకు కప్పారు. వేదిక వెనక, తడిగుడ్డతో తుడిచి కట్టిన రెండు ఫ్లెక్సీలు ఉన్నాయి.

ఆ సమయానికి బుక్కరాయసముద్రం మైదానంలో కేశవ ఒక్కడే ఉన్నాడు. గోలు వెనక ఫ్లెక్సీ లేదు, వల లేదు. కొట్టిన ప్రతి బంతీ గోలులోంచి పోయి అవతల చేనులో పడింది. ప్రతిసారీ అతనే పరిగెత్తి తెచ్చుకున్నాడు.