ప్రెసిడెంటు గారి ఫోను వైరు

మా ఊళ్ళో ఆచారానికీ విమానయానానికీ ఎటువంటి తగాదా లేదని ఇందుమూలంగా సర్వజనులకూ తెలియజేయడమైనది. గిట్టనివాళ్ళు పర్చూరు బస్టాండులో చెప్పే కబుర్లు నమ్మవద్దు.

పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర కూలి చేసే యేసుపాదం కొడుకు ఇమ్మానియేలు మిషను బడిలో చదివి, స్కాలర్‌షిప్పులతో పైకొచ్చి, విమానం నడిపే ఉద్యోగం సంపాదించాడు. ఆ ఉద్యోగం సంగతులు విని ఊరు ముక్కున వేలేసుకుంది. కలకత్తాలో దిగి హోటల్లో పడుకుంటాడట, దానికీ జీతమే. వచ్చిన విద్యనే ఏటేటా మళ్ళీ నేర్చుకుంటాడట, దానికీ జీతమే. రిజర్వు డ్యూటీ అని మరొకటుందట. ఊరికే ఫోను పక్కన కూర్చోవాలి, పిలిస్తే వెళ్ళాలి. ఈ చివరి డ్యూటీ మా పశువుల డాక్టరు ఎన్నాళ్ళుగానో చేస్తున్నాడు, కాకపోతే పిలిచినా వెళ్ళడు.

ఆ ఏడు మిరపకాయల కాలంలో తల్లి రెబ్కాకు జబ్బు చేసిందని ఇమ్మానియేలు వచ్చాడు. కంపెనీ ఒక షరతు మీద పంపింది. కెప్టెన్ శిక్షణకు పిలుపు ఏ రోజైనా రావచ్చు, ఫోనుకు దొరక్కపోతే ఆ అవకాశం వెనకవాడికి పోతుంది. ఊళ్ళో ఉన్నది ఒకే ఫోను. అది ప్రెసిడెంటు పేరయ్య గారి హాల్లో ఉంది.

పేరయ్య గారు పొంగిపోయి సభ పెట్టారు. దండను బల్ల మీద ఉంచి, తండ్రి చేతనే కొడుక్కి వేయించారు. "మన ఊరి పేరు మబ్బుల్లోకి తీసుకెళ్ళిన బిడ్డ! ఈ రోజు నుంచి మా ఇల్లు అతని ఇల్లే!" అని గర్జించారు. మర్నాడు ఆ బిడ్డను గేటు బయట, ఎండబోసిన మిరపకాయల పక్కన, కొత్త నులకమంచం మీద కూర్చోబెట్టారు.

ఫోను మోగింది. పేరయ్య గారి భార్య సుబ్బరావమ్మ ఎత్తింది. "ఇమ్మానియేలేనాండీ? బయటున్నాడు. మీరు చెప్పండి, నే చెప్తా." అవతలివాళ్ళు ఇంగ్లీషు అందుకున్నారు. ఆవిడ మర్యాదగా ఊఁ కొట్టి పెట్టేసింది.

"అమ్మగారూ, లోపలికి రానా?" అని గేటు పట్టుకుని అరిచాడు ఇమ్మానియేలు.

"రా నాయనా అనాలనే ఉంది. మావాళ్ళ నోళ్ళు నీకు తెలియనివా?" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. పాపం, నిజంగానే తుడుచుకుంది.

అతను పర్చూరు పరిగెత్తి ట్రంకాల్ చేస్తే, "నీ మాట వినాల్సిన ఆఫీసరు వెళ్ళిపోయాడు. రేపు పొద్దున ఆయనే ఆ నంబరుకు ఇంకొక్కసారి చేస్తాడు, అదే ఆఖరు" అన్నారు కంపెనీవాళ్ళు.

సాయంత్రం పెద్దలు అత్యవసరంగా కూడారు. "మెట్టెక్కి రెండు ముక్కలు మాట్లాడొస్తాడు, అంతేగదండీ" అని యేసుపాదం చేతులు జోడించాడు.

"నేను కాదన్నానంట్రా? రేపు మీ పేటంతా ఫోనంటారు" అన్నారు పేరయ్య గారు. ఆ వెంటనే వారికి మహత్తరమైన ఆలోచన తట్టింది. లైన్‌మన్ను పిలిపించారు. హాల్లోంచి కిటికీ గుండా, గోడ మీదుగా, మిరపకాయల దాకా వైరు లాగించారు. మనిషి లోపలికి రాకూడదు గానీ ఫోను బయటికి పోకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు గదా! వాడాక ఫోనును పసుపునీళ్ళతో కడగాలని కూడా తీర్మానించారు. చెడిపోతుందని లైన్‌మన్ మొత్తుకోవడంతో తడిగుడ్డతో సరిపెట్టుకున్నారు.

మర్నాడు ఫోను మోగితే, మిరప ఘాటుకు తుమ్ముతూనే ఇమ్మానియేలు అందులో సరేనన్నాడు. ఆ రాత్రి రైలుకే మద్రాసు వెళ్ళాడు. కెప్టెనయ్యాడు.

తర్వాతి ఏడు పేరయ్య గారు పార్టీ పని మీద మద్రాసు నుంచి ఢిల్లీకి విమానమెక్కారు. కెప్టెన్ ఇమ్మానియేలు స్వాగతం పలుకుతున్నారని మైకులో వినిపించింది. తిరిగొచ్చాక ఊరంతా చుట్టూ మూగింది.

"వాడి చేతుల్లో ప్రాణాలు పెట్టి ఎట్టా కూర్చున్నారండీ?"

"బ్రహ్మాండంగా కూర్చున్నానయ్యా! వాడు ముందు గదిలో, మనం వెనక. మధ్యన తలుపు, అదీ మూసే ఉంది. వాడి మాట వైరులో వస్తది. అంతా మన పద్ధతే!"

ఊరు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

ఆ వైరు ఇప్పటికీ గోడ మీదే ఉంది. కావలసిన ఊళ్ళవారు వచ్చి కొలత తీసుకుపోవచ్చని దండోరా కూడా వేయించాం. ఒక్కరూ రాలేదు. ఎవరి వైరు వారికి ముందే ఉందట.