మెనూ దాటే లింకు మెనూ చివర

అయ్యా, అమ్మా! చూపులేని వాళ్ళ కోసం ప్రత్యేకంగా తీర్చిదిద్దిన వెబ్‌సైట్లు బంధుత్వాలను నిలబెడుతున్నాయి. నవ్వకండి, మా ఇంట్లో జరుగుతున్నదే చెబుతున్నాను.

మా ఆవిడ పోయిన దగ్గర నుంచి ఈ ఇంట్లో నోరు విప్పేది ఫ్రిజ్ ఒక్కటే. అలాంటి ఇంట్లో ఇప్పుడు నెలకోసారి ఎంత సందడో! మా బావమరిది, అంటే ఆవిడ తమ్ముడు, లాప్‌టాప్ చంకన పెట్టుకుని వస్తాడు. కాలేజీలో చరిత్ర చెబుతాడు. చూపు లేదు. తెర మీద ఉన్నదంతా లాప్‌టాప్ అతనికి చదివి వినిపిస్తుంది. రైలు పాసును ప్రతి నెలా వెబ్‌సైట్‌లోనే పొడిగించుకోవాలి. లేకపోతే మర్నాడు స్టేషన్ గేటు తెరుచుకోదు. క్లాసులో పిల్లలుంటారు గానీ మాస్టారుండడు.

ఆ వెబ్‌సైట్‌దే మర్యాదంటే! ఎవరినీ పేరు పెట్టి పిలవకుండా వదలదు. "నావిగేషన్ మొదలు. జాబితా. జాబితా లోపల జాబితా. లింకు, మా సంస్థ. లింకు, మా ఆశయాలు. లింకు, మా ఆశయాల నేపథ్యం. బొమ్మ, అలంకారం కోసం మాత్రమే." మన చుట్టాల్లో ఎవరైనా ఇంత ఓపిగ్గా అందరినీ పరిచయం చేస్తారా?

నాలాంటి కళ్ళున్నవాడి బతుకు చూడండి. పేజీ తెరవగానే ఎదురుగా ఆకుపచ్చ బటన్, 'పాసు పొడిగించండి' అని. ఒక్క క్లిక్కు, అయిపోయింది. సంస్థ ఆశయాలేమిటో తెలియకుండానే బయటపడతాం. ఎంత నష్టం!

ఈ పరిచయాలు వద్దనుకునే తొందరమనుషుల కోసం ఒక లింకు కూడా పెట్టారు. 'మెనూ దాటి నేరుగా విషయానికి వెళ్ళండి.' ఎక్కడ పెట్టారనుకున్నారు? మెనూ, అంటే ఈ పరిచయాలు, మొత్తం అయిపోయాక!

వెబ్‌సైట్ ఇంజినీరుకి ఫోన్ చేశాను.

"లింకు ఉంది కదండీ?" అన్నాడు.

"ఉంది నాయనా. మెనూకి ముందుండాలి కదా?"

"సైటు చూపులేని వాళ్ళకి పనికొస్తుందో లేదో తేల్చే పరీక్షలో లింకు ఉందా లేదా అనే చూస్తారండీ. మాకు నూటికి నూరు వచ్చాయి. ప్రతిదానికీ సరైన పేరుంది, కావాలంటే చూసుకోండి."

పరీక్ష పెట్టిందెవరని అడిగాను. ఇంకో సాఫ్ట్‌వేరట. దానికి రైలెక్కే పని లేదు, హాయి!

మా వంటింటికి మాత్రం ఆ పరీక్షలో సున్నా ఖాయం. ఏ డబ్బా మీదా చీటీ లేదు. "గుమ్మం దాటగానే కుడిచేతికి ముందు తగిలేది చక్కెరరా" అని మా ఆవిడ తమ్ముడికి దారి చెప్పి పెట్టింది, అంతే. ఆ డబ్బాలను నేను ఇప్పటికీ జరపలేదు. అతను వచ్చి, లైటు కూడా వెయ్యకుండా, ఇద్దరికీ టీ పెట్టుకొస్తాడు. నాకన్నా బాగా పెడతాడు. ఎంత వెనకబడిన వంటిల్లో!

మొన్న అతను పంతం పట్టాడు. "బావా, ఈసారి నేనే చేస్తా. మీరు మౌస్ ముట్టుకుంటే ఊరుకోను."

చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆశయాలన్నీ విన్నాం. నేపథ్యమూ విన్నాం. దారి తప్పి అలంకారం బొమ్మ దగ్గరికి రెండుసార్లు వెళ్ళొచ్చాం. టీ చల్లారింది. చివరికి ఆకుపచ్చ బటన్ పేరు వినిపించింది. నొక్కబోయాడు.

"మీ సమయం ముగిసింది. దయచేసి మళ్ళీ ప్రారంభించండి. నావిగేషన్ మొదలు."

లాప్‌టాప్ నా వైపు తోశాడు. "కానివ్వండి బావా." నేను క్లిక్ చేశాను. పాసు వచ్చేసింది.

"పోనీలేరా, ఈ వంకనైనా నెలకోసారి వస్తున్నావు," అన్నాను.

"అదే బావా నా బాధ. అక్క ఉన్నప్పుడు ఊరికే వచ్చేవాణ్ణి. ఇప్పుడెప్పుడు తలుపు కొట్టినా చేతిలో ఏదో ఒక పని. ఒక్కసారైనా మీతో ఏ అవసరమూ లేకుండా రావాలనుంది."

కాబట్టి ఇంజినీరు గారూ, పైన రాసిన పొగడ్తలన్నీ మీరే ఉంచుకోండి. మీ నూరు మార్కులూ మీ దగ్గరే ఉండనివ్వండి. ఆ ఒక్క లింకును కింద నుంచి పైకి జరపండి చాలు.

చక్కెర డబ్బాను నేను జరపను.