ముడి పేరు

ఆ మంగళవారం ఇయోకెపా పెట్టుకున్న పని ఒక్కటే. హవాయి-ఇంగ్లీషు మహానిఘంటువు చివరి ప్రూఫులు మధ్యాహ్నంలోగా హీలో ఊళ్ళోని అచ్చాఫీసుకి అందించడం. బడిపంతులుగా రిటైరయ్యాక పందొమ్మిదేళ్ళు దానికే ధారపోశాడు. అన్ని మాటలూ చేరాయి గానీ ఒక్కచోట ఖాళీ మిగిలిపోయింది. వల అంచున వాళ్ళ నాన్న వేసే ముడికి పేరేమిటో తెలియలేదు. ఆయన చెప్పకుండానే పోయాడు.

"ఒక్క ముడి లేకపోతే పుస్తకం ఊడిపోతుందా?" అంది భార్య కవేహి, చేమదుంప గంజి గిన్నె ముందు పెడుతూ.

"అది నాన్న ముడే," అని ఇయోకెపా గంజి ముట్టకుండానే లేచాడు.

సముద్రం ఒడ్డున ఉండే మేనత్త మెలెయానాకి తొంభై ఒకటి. వాకిట్లో వల పరుచుకుని బాగుచేసుకుంటోంది. చెవి మిషను ఇంట్లో సొరుగులో ఉంది. ఇయోకెపా తాడు తీసి ముడి వేసి ఆవిడ ముందు ఊపాడు.

"అత్తా! దీన్నేమంటారు?"

అత్త ముడిని చూడలేదు, అతని కాళ్ళకేసి చూసింది. పొద్దుటి నుంచీ అల్లిన వలంతా అతని చెప్పుల కింద నలుగుతోంది.

"లోలో!" అంది.

"మళ్ళీ చెప్పు!"

"లోలో! లోలో!"

లోలో అంటే తెలివితక్కువవాడని ఆ దీవుల్లో పసిపిల్లలకీ తెలుసు. ఇయోకెపాకి అంతకంటే ఎక్కువే తెలుసు. తమ భాషలో ఒక్కో మాటకి నాలుగైదు అర్థాలుంటాయని కూడా తెలుసు. దాన్నే ముడి పేరుగా రాసుకుని, అత్త నుదుటికి నుదురు ఆనించి సెలవు తీసుకున్నాడు. అతను వల మీంచి దిగినందుకు ఆవిడా సంతోషించింది.

ఒక్కరి సాక్ష్యం చాలదన్నది అతని నియమం. రేవులో పడవ కడుగుతున్న ముసలి జాలరి కయెయో దగ్గర ఆగాడు.

"అన్నా, మెలెయానా అత్త లోలో అంది. నిజమేనంటావా?"

కయెయో అతన్ని ఎగాదిగా చూశాడు. "పెద్దావిడ ఊరికే అనదు తమ్ముడూ. మేమూ ఎప్పణ్ణుంచో అనుకుంటున్నదే."

పన్నెండుకి పది నిమిషాలుండగా ఆ మాట అచ్చుకి వెళ్ళింది.

పుస్తకం బళ్ళకి చేరింది. పంతులమ్మలు పిల్లల చేత లోలో వేయించారు. పడవ పందేల జట్లు తెడ్లకి లోలోలు కట్టాయి. నాలుగు నెలలకి చర్చి హాల్లో సన్మానం పెట్టారు. మెడ నిండా పూలదండలతో ఇయోకెపా వేదికెక్కి, ఆ మాట చదివి, చెప్పిన అత్తకి నమస్కరించాడు. ఆ వేళ అత్త చెవి మిషను పెట్టుకునే వచ్చింది.

"ముడిని కాదురా," అంది ముందు వరసలోంచి. "నిన్నన్నాను. నా వల తొక్కావు."

ముందుగా నవ్వింది కవేహి. ఆ తరవాత ఎవరూ ఆగలేదు.

ఇయోకెపా వేదిక అంచుకి వచ్చి వంగాడు. "మరి దాని అసలు పేరేంటత్తా?"

"పేరా? మీ నాన్నకి ముడి వెయ్యడం వచ్చు గానీ పేరు పెట్టే తీరికెక్కడిది?"

మర్నాడే అతను ఆ అర్థం కొట్టేయమని అచ్చాఫీసుకి పరిగెత్తాడు. వాళ్ళు ఒప్పుకోలేదు. ద్వీపమంతా ఇప్పుడు ఆ ముడిని అలాగే పిలుస్తోంది, జనం నోట ఉన్న మాటని ఎలా తీసేస్తామన్నారు. అది ముందుమాటలో ఇయోకెపా స్వయంగా రాసిన సూత్రమేనట.

రెండో ముద్రణలో లోలోకి రెండర్థాలూ ఉంచారు. రెండింటికీ ఆధారం మాత్రం ఒకే రోజు, ఒకే వాకిలి.