ప్రామాణిక దెబ్బ

మనిషి డోలు కనిపెట్టి ఎన్ని వేల ఏళ్లయిందో నాకు తెలియదు గానీ, కొడితే మోగుతుందన్న మూఢనమ్మకం నుంచి ఆ డోలుని విడిపించిన ఘనత మాత్రం మా అమ్మాయి చదివే బడికే దక్కింది.

ఈ ఏడు బడి తెరవగానే పాత డోళ్లు రెండూ స్టోరు గదికి వెళ్లిపోయాయి. వాటి స్థానంలో ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్లు వచ్చాయి. చూడ్డానికి నల్లటి రబ్బరు పళ్లేల్లా ఉంటాయి. పిల్లకొకటి చొప్పున పొడవాటి ఇనుప స్టాండుకి వరసగా బిగించారు. పిల్లలు పుల్లతో కొడితే ప్యాడు ఆ సంగతి తీగ గుండా ఒక పెట్టెకి చెబుతుంది. అది దెబ్బా కాదా అని పెట్టె ఆలోచిస్తుంది. దెబ్బే అని ఒప్పుకుంటే హెడ్‌ఫోన్లో మోగిస్తుంది, యాప్‌లో రాస్తుంది. (ఒప్పుకోకపోతే అది దెబ్బ కాదు. చెయ్యి ఊపడం.) ఆ రోజు మొదటి దెబ్బే హాజరు కూడా. పేర్లు పిలిచే శ్రమ తప్పిందని టీచర్లందరూ సంతోషించారు.

ఎంత మెల్లగా తగిలినా దెబ్బ కింద లెక్కేయాలో చెప్పే అంకెని సెన్సిటివిటీ అంటారు. ఒకటి నుంచి ముప్ఫై రెండు దాకా ఉంటుంది. ముప్ఫై రెండు పెడితే ఈగ వాలినా మోగుతుంది. ఒకటి పెడితే ఏనుగు వచ్చి తొక్కాలి. కొట్టే చేతిని బట్టి ఈ అంకె మార్చుకోవాలని డబ్బాలో వచ్చిన పుస్తకంలో రాసి ఉందట. పుస్తకాన్ని పాడవకుండా బీరువాలో పెట్టి తాళం వేశారు.

అయినా చేతిని బట్టి కొలత మార్చడమంటే పక్షపాతం కాదూ? అందుకని ప్రారంభోత్సవం రోజు డ్రిల్లు మాస్టారిని పిలిచి ప్రతి ప్యాడు మీదా ఒక్కో దెబ్బ వేయించారు. (ఆయన వయసులో ఉన్నప్పుడు ఇనప గుండు విసిరి కప్పు గెలిచారు. కప్పు ఆఫీసు గదిలో ఉంది, ఎవరైనా చూడొచ్చు.) ఆ దెబ్బకి సరిపడా అంకె పెట్టి, దానికి 'ప్రామాణిక దెబ్బ' అని పేరు పెట్టి, గోడకి బోర్డు తగిలించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మా అమ్మాయికి ఏడేళ్లు. సన్నగా ఉంటుందని అందరూ పిట్ట అంటారు. మొదటి రోజు సాయంత్రం నా ఫోను మోగింది. "ఈ రోజు మీ బిడ్డ కొట్టిన దెబ్బలు: 0. ప్రోత్సహించండి." రెండో రోజూ సున్నాయే. మూడో రోజు సున్నా కింద ఎర్రక్షరాలతో ఇంకో ముక్క చేరింది. "వరుసగా పదిహేను సున్నాలు పొందిన విద్యార్థులు నెమ్మది విభాగానికి బదిలీ చేయబడుదురు."

నెమ్మది విభాగం మెట్ల కింద ఉంటుంది. అందులోకి ఎలా వెళ్లాలో నియమావళిలో ఆరు పేజీలు రాశారు. బయటికి ఎలా రావాలన్న దానికి శీర్షిక ఒక్కటే ఉంది. నేను తొమ్మిదితో బడి మానేసినదాన్ని. మానడం ఎలా జరుగుతుందో నాకు తెలుసు. ఎవరూ పొమ్మనరు. ఒకరోజు పిలిచే పేర్లలో మన పేరు ఉండదు, అంతే.

"ఏమే, కొట్టట్లేదా నువ్వు?" అని అడిగాను పిట్టని.

"కొడుతున్నానమ్మా. అదే వినట్లేదు."

"గట్టిగా కొట్టు మరి."

"గట్టిగానే కొట్టాను. ఇదిగో చూడు." అరచేతిలో బొబ్బ.

పక్కన బట్టలు మడతపెడుతున్న మా అత్తయ్య ఆ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసింది. "పిల్లని సంగీతానికి పంపావా తల్లీ, రాళ్లు కొట్టడానికి పంపావా?" అంది.

మర్నాడు బడికి వెళ్లాను. కంప్యూటర్ల మాస్టారే అదనంగా 'దెబ్బల ప్రమాణాల అధికారి' బాధ్యత కూడా చూస్తున్నారు.

"మా పాప ప్యాడుకి కొంచెం అంకె పెంచండి సార్. కొడుతున్నా పడట్లేదు."

"కొడుతున్నట్టు రికార్డులో లేదే."

"రికార్డు రాసేది ఆ ప్యాడే కదా సార్."

"అదేగా నేనూ అంటున్నది. మీరేం చదివారమ్మా?"

"తొమ్మిది."

"సరే, అయితే నిదానంగా చెబుతాను." నిదానంగా అదే చెప్పారు. చెప్పి, అంకె మార్పు దరఖాస్తు ఇచ్చారు. అందులో నాలుగో గడి: 'విద్యార్థి ఇంతవరకు కొట్టిన దెబ్బలు (కనీసం యాభై ఉన్నచో మాత్రమే దరఖాస్తు స్వీకరించబడును)'.

ఆ గడి ఖాళీగా వదిలేసి, రోజూ వెళ్లి ఆయన బల్ల ముందు కూర్చోవడం మొదలుపెట్టాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే. పద్నాలుగో సున్నా పడిన రోజు ఆయన కుర్చీ వెనక్కి తోశారు.

"ఇలా ఎదురుగా కూర్చుంటే నా పని ఎలా తెములుతుందమ్మా? పదండి."

ఆయనతో పాటు డ్రమ్ముల గదికి వెళ్లాను. పెట్టె పాస్‌వర్డు పెట్టె మీదే చీటీ రాసి అంటించి ఉంది.

"ఎంత పెట్టమంటారు?"

"పాపని పిలిచి ఒకసారి కొట్టించి చూడండి సార్."

"దాని దెబ్బ ప్రామాణికం కాదుగా, దాంతో ఏం తెలుస్తుంది? ముప్ఫై రెండు పెట్టేస్తున్నాను. ఇక మీరు రాకూడదు." (అంటే ఆ అంకె మా పిట్ట చేతిని బట్టి పెట్టింది కాదు, నన్ను బట్టి పెట్టింది.)

తెల్లారేసరికి పిట్టకి జ్వరం. బడికి పంపలేదు. రాకపోయినా సున్నాయే వేస్తారు. పదిహేనోది. రోజంతా దాని నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, ఫోను వైపు చూడకుండా ఉండటానికి చూశాను. సాయంత్రం అది మోగనే మోగింది.

"ఈ రోజు మీ బిడ్డ కొట్టిన దెబ్బలు: 412. లయ: అద్భుతం. అభినందనలు."

మంచం మీదకి చూశాను. నా బిడ్డ అక్కడే ఉంది. నిద్రపోతోంది.

హోంవర్కు చెప్పడానికి పక్కింటి పాప వచ్చింది. ముద్దుపేరు పిడుగు. డ్రమ్ముల దగ్గర మా పిట్ట పక్కనే నిలబడుతుంది. "ఆంటీ, నేను కొడుతుంటే స్టాండంతా ఊగి పిట్ట ప్యాడు కూడా వెలుగుతోంది. భలే ఉంది!" అంది.

రావొద్దన్నా మళ్లీ వెళ్లాను. "నిన్న మా పాప ఇంట్లోనే ఉంది సార్."

"బడిలో ఉన్నట్టు రికార్డుంది."

"నేనే ఒళ్లు తుడిచాను సార్."

"సున్నా అంటే ఫిర్యాదు, నాలుగొందలంటే ఫిర్యాదు. అసలు మీకేం కావాలమ్మా?"

"పాప కొట్టింది పాప లెక్కలో పడాలి సార్."

"అలా విడివిడిగా చూడటం మొదలుపెడితే బడి నడవదు. పాత అంకెకి మార్చమంటారా? మెట్ల కింద గదిలో రెండు బెంచీలు ఖాళీగానే ఉన్నాయి." వద్దన్నాను. రికార్డు సరిగ్గానే ఉందని సంతకం పెట్టమంటే పెట్టాను కూడా.

జ్వరం తగ్గాక పిట్ట వెళ్లి సంబరంగా కొట్టింది. దాని దెబ్బలూ పిడుగు దెబ్బలూ కలిసిపోయాయి. "మీ బిడ్డ లయ దెబ్బతిన్నది. తల్లిదండ్రులు శ్రద్ధ వహించవలెను." అధికారి ఫోను చేసి సొంతంగా సలహా ఇచ్చారు. పాప ప్యాడు ముట్టుకోనన్నాళ్లూ ఫలితాలు బ్రహ్మాండంగా ఉన్నాయి కాబట్టి, అదే పద్ధతి కొనసాగించడం మంచిదన్నారు.

"చేతులు కట్టుకుని నించో తల్లీ, ఏం కొట్టకు," అని నా నోటితో నేనే చెప్పి పంపాను.

"మరి నేనెప్పుడు కొట్టాలమ్మా?"

ఏడాది చివర సభ జరిగింది. బడి మొత్తానికి ఉత్తమ లయ బహుమతి మా పిట్టకే వచ్చింది. (పిడుగుకి రాలేదు. మరీ గట్టిగా కొడుతుందట.) డ్రిల్లు మాస్టారు కప్పు అందిస్తుంటే, పిట్ట చేతులు చాచాలని కూడా మర్చిపోయి, కట్టుకునే నిలబడింది.

పైకి రావాలంటే ఎలా నిలబడాలో నా బిడ్డ ఏడేళ్లకే నేర్చుకుంది. తొమ్మిది తరగతులు చదివినా నాకెవ్వరూ నేర్పలేదు.