పదిన్నర సైరన్

ఆ రోజు ఉదయం సదానందం సారు ఇస్త్రీ చొక్కా వేసుకొని, ఉప్మా సగంలో వదిలేసి, అద్దం ముందు నిలబడి ఒకే ముక్క నాలుగుసార్లు చెప్పుకున్నాడు: "పిల్లలారా, ఇది ధ్వని తరంగం." గోదావరిఖనిలో కార్మికుల కాలనీ పక్కనున్న సర్కారు హైస్కూల్లో ఆయన ఇరవై రెండేళ్లుగా సైన్సు చెబుతున్నాడు. పాఠం ఇలా అద్దానికి అప్పజెప్పడం మాత్రం ఇదే మొదటిసారి.

"పరీక్ష పిల్లలకా, మీకా?" అంది భార్య రమ.

"నాకే. ఇయ్యాల ఆఫీసరొస్తున్నడు. కంప్యూటర్లు మనకుంటయా, లారీ ఎక్కి పోతయా తేలుతది."

సంగతేమిటంటే, రెండేళ్ల కిందట, అంటే 2007లో, బడికి ఐదు కంప్యూటర్లు వచ్చాయి. వచ్చిన రోజే వాటి మీద గుడ్డలు కప్పి గదికి తాళం వేశారు. పాడైతే ఎవరి మెడకు చుట్టుకుంటుందోనని అందరికీ భయం. చివరికి సదానందమే, యాభై దాటిన వయసులో, బజార్లోని ఇంటర్నెట్ సెంటర్‌లో తన పాత శిష్యుల పక్కన కూర్చొని మౌసు పట్టుకోవడం నేర్చుకొని తాళం తీయించాడు. ఆరు నెలలుగా పదో తరగతి పిల్లలు చెప్పులు బయట విడిచి మరీ ఆ గదిలోకి వెళ్తున్నారు. కానీ కాగితాల్లో గది ఇంకా మూసే ఉంది. వాడని కంప్యూటర్లను మందమర్రి వైపు ఇంకో బడికి పంపేస్తామని పైనుంచి ఉత్తరం వచ్చింది. అది చదివిన రోజు సారు అన్నం తినలేదు.

ఆఫీసరుకు చూపించే పాఠానికి ఆయన బాయి సైరన్‌ను ఎంచుకున్నాడు. అక్కడ బొగ్గు గనిని బాయి అంటారు. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదకొండింటికి షిఫ్టులు మారేటప్పుడు దాని సైరన్ మోగుతుంది. ఇంకే వేళలో మోగినా లోపల ప్రమాదం జరిగినట్టే. పిల్లలకు ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచి తెలిసిన ఆ శబ్దాన్ని తెర మీద గీతలుగా చూపించాలని సారు ఆశ. ముందురోజు పొద్దున ఏడింటికి బాయి గేటు దగ్గర సెల్‌ఫోను ఎత్తి పట్టుకొని రికార్డు చేసుకొచ్చాడు.

చిక్కల్లా శబ్దంతోనే. కంప్యూటరు స్పీకర్లు దోమలా గుయ్యిమంటాయి. అందుకని పెళ్లిళ్లకు మైకుసెట్టు పెట్టే ముత్యాన్ని పిలిచి, "సౌండు జర పెద్దగ రావాలె ముత్యం" అని చెప్పాడు. ముత్యం తన జన్మలో లౌడ్‌స్పీకరును గదిలో పెట్టి ఎరగడు. అలవాటు కొద్దీ తన రెండు స్పీకర్లనూ బడి డాబా మీద కట్టి, మూతులు కాలనీ వైపు తిప్పి, తానూ అక్కడే ఆంప్లిఫయరు పక్కన బైఠాయించాడు. కంప్యూటరుకు వైరు తగిలించి ఉండటం చూసి, అది ఎక్కడిదాకా పోయిందో సారు అడగలేదు.

పది గంటలకు ఆఫీసరు బాబూరావు జీపు దిగాడు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి మూడు నెలలే అయింది. రిజిస్టర్లన్నీ చూసి, చేతిలోని ఫారంలో ఒక గడి దగ్గర ఆగాడు.

"తల్లిదండ్రుల మీటింగుకి ఎంతమంది వచ్చారండీ మాస్టారూ?"

"ఇద్దరు సార్."

"ఇద్దరేనా?"

"అండ్ల ఒకాయన వానకు ఆగిండు సార్. షిఫ్టులాయె, ఎవలకు తీరది."

బాబూరావు ఆ గడి ఖాళీగా వదిలేసి, పాఠం మొదలుపెట్టమన్నాడు. అతని ముఖం చూస్తే లారీ అప్పటికే బయలుదేరినట్టుంది.

సదానందం మీట నొక్కాడు. తెర మీద గీతలు లేచాయి, శబ్దం రాలేదు. మళ్లీ నొక్కాడు. మళ్లీ మళ్లీ వచ్చేలా పెట్టి, శబ్దం పూర్తిగా పెంచాడు. అయినా గది నిశ్శబ్దం. వైరు ఊపి చూశాడు. సరిగ్గా అప్పుడే డాబా మీద ముత్యానికి ఆంప్లిఫయరు స్విచ్చి వేయలేదని గుర్తొచ్చింది. వేసి, చేతికొద్దీ తిప్పాడు.

ఆకాశం చీలిపోయేలా సైరన్ మోగింది.

గది లోపల కాదు, బయట. మొదటి బెంచీలోని దీప దిగ్గున లేచింది. ఆమె తండ్రి బుచ్చన్న మొదటి షిఫ్టులో ఉన్నాడు. "సార్, బాయిల ఏమో అయింది! మా నాయిన!" అని బయటికి పరుగెత్తింది. వెనకే క్లాసంతా.

తాను నొక్కిందీ సైరనే, మోగుతున్నదీ సైరనే అన్న సంగతి ఆ క్షణాన సారుకు తట్టనే లేదు. ఆయన గడియారం చూశాడు. పదిన్నర. ఆయనా బాయి పని చేసినవాని కొడుకే. పైగా ఆయన బావమరిది కూడా లోపలే ఉన్నాడు. "సార్, మీరు కూసోన్రి!" అని ఆఫీసరుకు ఒక కేక వేసి పిల్లలను దాటి ఉరికాడు.

గదిలో బాబూరావు ఒక్కడే మిగిలాడు. బయట సైరన్ హెచ్చినప్పుడల్లా తెర మీద గీతలూ హెచ్చుతున్నాయి. సైరన్ వేళల గురించి ఏమీ తెలియని మనిషి కాబట్టి, ఊరందరిలోకీ అసలు విషయం ఆయనకే ముందు అర్థమైంది. లేచి వెళ్లి స్విచ్చి ఆపేశాడు.

అప్పటికే కాలనీ అంతా బాయి గేటు ముందుంది. పిండి చేతులతో కొందరు, తల సగం దువ్వుకొని కొందరు. బుచ్చన్న భార్య మల్లక్క ఒక కాలికే చెప్పుతో వచ్చింది. మేనేజరు బయటికొచ్చి, "ఏమీ జరగలేదు, మేము సైరన్ వేయలేదు" అన్నాడు. అది ఎవరూ నమ్మలేదు.

"మా మనుషులను సూపెట్టున్రి!" అని మల్లక్క గేటు పట్టుకుంది.

మేనేజరు చేసేదిలేక అందరినీ పైకి రమ్మని లోపలికి ఫోను చేయించాడు. గేటు ముందు ఆడవాళ్లంతా ఏడుస్తున్నారని మాత్రమే లోపలికి తెలిసింది. కాలనీకి ఏదో అయిందనుకొని మగవాళ్లంతా ఆయాసపడుతూ పైకి వచ్చారు.

"ఏమైందే మల్లా?" అన్నాడు బుచ్చన్న, మసి ముఖంలో కళ్లు పెద్దవి చేసుకొని.

"నాకేమైతది! నీకేమైంది?"

"నాకేం గాలే!"

"మరి ఏమైంది?" అని ఇద్దరూ కలిసి సదానందం వైపు చూశారు, చదువుకున్నవాడు కదా అని. ఆయనా బావమరిది భుజం పట్టుకొని, ఏమీ తెలియక అటూ ఇటూ చూస్తున్నాడు. అప్పుడు ముత్యం జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"సార్, మీ సైరన్‌ను ఎవలో బంద్ చేసిన్రు. మళ్ల వెయ్యమంటరా?"

సారుకు అప్పుడు తట్టింది. "అది... పిల్లల పాఠానికి రికార్డు జేసిన సైరన్" అని నసిగాడు.

"పిల్లలకు పాఠం చెప్పారా సారూ, నాకు చెప్పారా?" అన్నాడు మేనేజరు నెమ్మదిగా. పోశం అనే కార్మికుడు రాయి అందుకున్నాడు. "ఏడున్నదో సూపెట్టు ఆ డబ్బ! తుకడాలు జేస్త!" అన్నాడు. జనమంతా సదానందాన్ని మధ్యలో పెట్టుకొని బడికి నడిచారు. లారీ రాకముందే కంప్యూటర్లు పోతున్నాయని ఆయనకు ఏడుపొచ్చింది.

జనంలోంచి ముందుకొచ్చి కనకవ్వ గది గుమ్మానికి అడ్డం నిలబడింది. డెబ్బై దాటిన ముసలమ్మ.

"రాయి కింద వడెయ్యి పోశం. నా మొగడు పోయిన్నాడు గిదే కూత. గేటుకాడికి ఉరికిన. అందరొచ్చిన్రు, ఆయన రాలే. ముప్పై ఏండ్లాయె. గీ కూత అయినంక మనిషి తక్కువ గాకుంట అందరు మర్లి వచ్చుడు ఇయ్యాలనే సూత్తున్న. దండం వెట్టాలె గని రాయెత్తుతవా?"

పోశం చేతిలోని రాయి వైపు చూసుకొని దాన్ని మెల్లగా గోడ పక్కన పెట్టాడు. మల్లక్క బుచ్చన్న చెయ్యి పట్టుకొని అప్పుడు ఏడ్చింది, గట్టిగా. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే అందరూ చెప్పులు, బూట్లు బయట విడిచారు.

ముత్యం వైరు పీకేశాక దీప కంప్యూటరు మీట నొక్కి తండ్రిని దగ్గరికి పిలిచింది. సైరన్ ఈసారి దోమలా పలికింది, గీతలు లేచి పడ్డాయి. బుచ్చన్న వేలు మసి అంటుకుంటుందని తెరను తాకకుండా, "గిది మా సైరనా బిడ్డా? గిట్ల ఉంటదా?" అన్నాడు. పాతికేళ్లు దాని మాట విని లేచి, దాని మాట విని పడుకున్న మనిషి. బిడ్డ నోట పాఠం వింటూ ఆయన కళ్లు తుడుచుకున్నాడు. వెనకవాళ్లు ముందుకు తోసుకొచ్చారు, ఆ వెనక ఇంకా వస్తూనే ఉన్నారు.

బాబూరావు ఫారం తీశాడు. తల్లిదండ్రుల హాజరు గడిలో రెండంకెలకే చోటుంది. ఆయన నాలుగు వందల పన్నెండు అని రాసి, మూడో అంకెను గడి బయట పెట్టాడు. కంప్యూటర్లు ఇక్కడే ఉండాలని కింద రెండు వాక్యాలు రాశాడు.

సదానందం రెండు చేతులూ జోడించాడు. "మీ రుణం తీర్చుకోలేను సార్."

"నేనేం చేశానండీ మాస్టారూ, స్విచ్చి ఆపాను, అంతే. దణ్ణం ఆ అవ్వగారికి పెట్టండి."

సదానందం వెళ్లి కనకవ్వ కాళ్లు మొక్కాడు. ఇరవై రెండేళ్లలో తన పాఠానికి ఇంతమంది రావడం ఆయన చూడలేదు, ఇక చూడకపోయినా చాలనిపించింది.

మరుసటి వారం బాయి ఆఫీసు నుంచి బడికి ఒక ఉత్తరం వచ్చింది: ధ్వని పాఠం ఇంకా మిగిలి ఉంటే, ఇకమీదట సరిగ్గా మూడు గంటలకే చెప్పవలసిందిగా కోరుతున్నాము.